తలకిందుల పుస్తకాలు నలభై మూడు

జూన్ 3

అత్తయ్య గారికి,

ఈ ఉత్తరం మంగళవారం పుస్తకాల బండిలో, పెద్ద లైబ్రరీ నుంచి మీ శాఖకి వచ్చే పెట్టెలో పైనే ఉంటుంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. ఫోన్లో అన్న మాట మర్నాటికి అనలేదంటారు మీరు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. జవాబు కూడా కాగితం మీదే ఇవ్వండి. శుక్రవారం బండి తిరిగొస్తుంది.

సంగతి ఇది. నేను పెద్ద లైబ్రరీలో సిస్టమ్స్ విభాగంలో చేరి ఏడాది కావస్తోంది. ఇంకా పర్మనెంట్ చెయ్యలేదు. సాయంత్రాలు లైబ్రరీ సిస్టమ్స్ నిర్వహణ కోర్సు చదువుతున్నాను. చివర్లో ప్రాజెక్టుగా ఒక శాఖని కార్డుల పద్ధతి నుంచి కంప్యూటర్లోకి మార్చి చూపించాలి. ఎవరికి ఏ శాఖ అన్నది చీటీలు తీశారు. నాకు మీ శాఖ వచ్చింది. రావాలని నేనేమీ మొక్కుకోలేదు.

వచ్చే వారం మా వాళ్లు నలుగురు వస్తారు. ప్రతి పుస్తకానికీ ఒక ట్యాగు అంటిస్తారు. తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది, లోపల సన్నటి తీగ ఉంటుంది. ఆ తర్వాత చేతిలో రీడరు పట్టుకుని అల్మరా ముందు నడిస్తే చాలు, ఏ అరలో ఏమున్నాయో అదే చదివేసుకుంటుంది. మీరు ఏటా రెండు వారాలు తలుపులు మూసి చేసే లెక్కింపు ఒక పూటలో అయిపోతుంది. సభ్యుల రిజిస్టర్లు, కార్డుల సొరుగులు, తాళాలు మా వాళ్లకి అప్పగించండి. తాళాలు ఇవ్వడం మీకు కష్టమని తెలుసు. ఊళ్లో మిమ్మల్ని తాళాలమ్మ అని ఊరికే అనరు.

ఇంకొకటి. మీ చదువుగది, అంటే వెనకాల కిటికీల గది, ఖాళీ చేయించి అక్కడ యంత్రాలు పెట్టాలని కమిటీ ఆలోచన. ఎవరి పుస్తకం వాళ్లే రాయించుకుని తీసుకుపోయే యంత్రాలు. ఆ గదిలో పుస్తకాలు నిజంగా ఎవరైనా చదువుతున్నారా లేదా అన్నది నా రిపోర్టు చెప్పాలి. ఆగస్టు 5న కమిటీ కూర్చుంటుంది. రిపోర్టులో అంకెలు ఏం చెబితే అదే జరుగుతుంది. నా ఇష్టాయిష్టాలకి అందులో చోటు లేదని ముందే చెబుతున్నాను.

ఇట్లు,
సిస్టమ్స్ సహాయకురాలు
(మీ మేనకోడలు కూడా)

జూన్ 6

సిస్టమ్స్ మేడం గారి దివ్యసముఖానికి,

తమరి ఉత్తరం అందింది. అందకపోయినా బెంగపెట్టుకునేదాన్ని కాదు.

ఏమే చిటపటా, నిన్ను ఆ పేరుతో పిలిచి ఎన్నాళ్లయిందో. చిన్నప్పుడు కోపం వస్తే పొయ్యి మీద ఆవాల్లా ఎగిరేదానివి. ఇప్పుడు అదే కోపాన్ని ఇస్త్రీ చేసి, మడతపెట్టి, 'ఇట్లు' అని కింద రాసి పంపుతున్నావు. మీ అమ్మ పోయినప్పుడు నన్ను గుమ్మంలోనే ఆపి వెళ్లిపొమ్మన్నావు. ఆరేళ్ల తర్వాత మొదటి ఉత్తరం తాళాలు అప్పగించమని. బాగుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ తలుపు నేనే తీస్తున్నాను, నేనే వేస్తున్నాను. సెప్టెంబరు ఆఖరుకి రిటైరవుతాను. ఆ నాలుగు నెలలు ఆగడానికి మీకు ప్రాణం ఒప్పలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? రండి, అంటించుకోండి. మీ రీడరు దయ్యం డబ్బాని కూడా తెచ్చుకోండి. నేను అడ్డుపడను. అడ్డుపడితే ముసలిదానికి చేతకాక అంటారు.

కాకపోతే రెండు మాటలు. ట్యాగులు అట్టకి అంటించొద్దు. మా బైండరుంది కదా, జిగురు (చేతులకి ఆ వాసన పోక ఊరంతా దాన్ని అలాగే పిలుస్తారు), అది అట్టలు మారుస్తూనే ఉంటుంది. అట్టతో పాటు మీ ట్యాగూ చెత్తబుట్టలో పడుతుంది. చివరి పేజీ లోపలి వైపు అంటించండి. రెండోది, చదువుగదిలో ఏ పుస్తకం ఎలా ఉందో తిరిగి అలాగే పెట్టండి. ఎలా ఉంటే అలా. మళ్లీ చెప్పను.

ఆ గది జోలికి మాత్రం రాకు. నా కుర్చీ తీసుకో, తాళాలు తీసుకో, ఆ గది వదిలెయ్. ఇది బతిమాలడం కాదు, చెప్పడం.

మీ మేనత్త,
ఇంకా నాలుగు నెలలు లైబ్రేరియన్

జూన్ 24

అత్తయ్య గారికి,

పని తొమ్మిది రోజుల్లో అయిపోయింది. మీరు ఏడాది పడుతుందని జిగురుతో పందెం కట్టారట, మా వాళ్లు చెప్పారు. పదకొండు వేల పైచిలుకు పుస్తకాలకి ట్యాగులు పడ్డాయి. చివరి పేజీకే అంటించాం. దాని వల్ల ప్రతి పుస్తకం విప్పాల్సొచ్చి రెండు రోజులు అదనంగా పట్టింది, అది కూడా రిపోర్టులో రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం గురించి చాలా విన్నాను. మీ చదువుగది అల్మరాల్లో నలభై మూడు పుస్తకాలు తలకిందులుగా ఉన్నాయి. ఒకటీ అరా అయితే పొరపాటనుకుంటాం. నలభై మూడు! మా వాళ్లు ఫొటో తీసుకుని నవ్వుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది, ఎందుకంటే మీరు నా మేనత్తని వాళ్లకి తెలుసు. అన్నీ సరిచేసి నిటారుగా పెట్టించాను. వాటిలో చిత్తు కాగితం ముక్కలు కూడా ఉంటే దులిపించి సంచిలో పోయించాను.

ఇక అసలు సంగతి. చదువుగదిలో ఉన్న ఆరువందల పద్దెనిమిది పుస్తకాల్లో పదేళ్లలో బయటికి వెళ్లినవి ఎన్నో తెలుసా? సున్నా. రిజిస్టర్లన్నీ వెతికాం. ఒక్కటి కూడా ఎవరి పేరునా రాయలేదు. మా కోర్సులో వీటిని ఏరివేతకి తగినవి అంటారు. ఏరివేత జాబితాలో సంతకం పెట్టాను. పుస్తకాలు కట్టలు కట్టి, సీలు వేసి, ఆ గదిలోనే ఉంచారు. కాగితం మిల్లు లారీ జూలై 14, సోమవారం వస్తుంది. సీలు ముట్టుకోవద్దు.

సభ్యుల రిజిస్టర్లు కూడా కంప్యూటర్లోకి ఎక్కించాం. తొమ్మిది వేల రెండొందల పేర్లు. ఇకమీద గడువు దాటితే మనిషి చెయ్యి పెట్టక్కర్లేకుండా ఇంటి ఫోనుకి పుస్తకం పేరుతో సందేశం వెళ్తుంది. అన్నీ ఎక్కించాక నేను మొదట వెతికిన పేరు మా అమ్మది. లేదు. మూడు రకాలుగా కొట్టి చూశాను. లేదు.

నాకు తొమ్మిదేళ్లు. అమ్మ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, సభ్యత్వం ఫారం నింపుకుని, నా చెయ్యి పట్టుకుని మీ బల్ల ముందు నిలబడింది. మీరు ఆ ఫారం రెండు ముక్కలు చేశారు. "నీకు కార్డెందుకు వదినా, ఇంటికెళ్లి వంట చూసుకో" అని హాలంతా వినిపించేలా అన్నారు. ఊళ్లో తొమ్మిది వేల మందికి కార్డులిచ్చారు. సొంత వదినకి ఇవ్వలేదు. ఇప్పుడు ఆ సంగతి కంప్యూటరు కూడా చెబుతోంది.

ఇట్లు,
సిస్టమ్స్ సహాయకురాలు

జూన్ 27

ఒసే తెలివైనదానా,

ఎలా ఉన్నవి అలా పెట్టమన్నానా లేదా? తెలుగులోనే కదా రాశాను?

తలకిందులుగా ఉందంటే ఆ పుస్తకం ఎవరో సగం దాకా చదివి ఆపారని అర్థం. ఈ ఊళ్లో పుస్తకం ఇంటికి పట్టుకెళ్లలేని వాళ్లున్నారు. ఒకాయన ఇంజన్లు బాగుచేస్తాడు, నూనె చేతులు కొళాయి దగ్గర మూడు సార్లు కడుక్కుని వచ్చి కూర్చుంటాడు. ఇంట్లో పుస్తకం కనిపిస్తే కొడుకులు వెక్కిరిస్తారట, ఈ వయసులో నీకెందుకని. ఒకమ్మాయికి అత్తగారింట్లో తనదంటూ ఒక అర కూడా లేదు. ఒక కాపలా మనిషికి ఇల్లే లేదు. వీళ్లెవరికీ కార్డుల్లేవు, నేనూ అడగలేదు. వచ్చి చదువుకుంటారు. లేచేటప్పుడు ఒక చీటీ ముక్క పెట్టి పుస్తకాన్ని తలకిందులుగా అరలో పెట్టి వెళ్తారు. అది ఇంకెవరూ ముట్టుకోరు. నేనూ ముట్టుకోను. మర్నాడొచ్చినా మూడు నెలలకొచ్చినా అది అక్కడే ఉంటుంది.

నువ్వు చిత్తు కాగితాలన్నవి వాళ్ల చీటీలు. నువ్వు నిటారుగా పెట్టింది వాళ్ల పుస్తకాలు. ఇప్పుడు గది తాళం పడి ఉంటే వాళ్లు వరండాలో నిలబడి, కిటికీలోంచి కట్టలు చూసి వెళ్లిపోతున్నారు. నూనె చేతులాయన నిన్న చేతులు కడుక్కుని మరీ వచ్చాడు, అలాగే తిరిగి వెళ్లాడు.

బయటికి వెళ్లినవాటినే లెక్కపెట్టి లోపల ఎవరూ చదవడం లేదని తేల్చావే, ఇదేనా మీ కోర్సులో చెప్పింది? ఇంటి ముందు చెప్పులు లేవు కాబట్టి ఇంట్లో ఎవరూ లేరన్నట్టుంది. ఆ లారీని ఆపు.

ఇక మీ అమ్మ సంగతి. నువ్వు చూసింది నిజమే. చింపాను. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ చింపుతాను.

మీ మేనత్త

జూలై 1

అత్తయ్య గారికి,

మళ్లీ చింపుతారా. చాలా సంతోషం. ఆ వాక్యం రెండుసార్లు చదివి, ఉత్తరం మడిచి ఆఫీసు ఫైల్లో పెట్టాను. ఇక మీ మీద జాలిపడే అవసరం నాకు తప్పింది.

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డికోసం అన్నాడట. అరలు సర్దుకోలేక, అడిగేసరికి అదొక పద్ధతి అంటున్నారు. ప్రపంచంలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పద్ధతి. పోనీ, ఉందనే అనుకుందాం. ఎక్కడైనా రాశారా? ఏ రోజు ఎంతమంది కూర్చున్నారో ఒక్క కాగితం ముక్కైనా ఉందా? ముప్పై ఏళ్లు జనం వచ్చారని మీరు అంటారు, రిజిస్టరు రాలేదంటుంది. నేను ఎవరి మాట నమ్మాలి? మీ మాటా?

నేను మరీ రాతిమనిషిని కాను కాబట్టి ఒక దారి చూపిస్తున్నాను. మా పెద్దసారుని అడిగాను. ఆ గదిలో చదివే వాళ్ల పేర్లు, చిరునామాలు, ఎవరు ఏం చదువుతున్నారో రాసివ్వండి. నలభై మూడు పేర్లు. అందరికీ ఉచితంగా కార్డులిచ్చి సిస్టమ్‌లో ఎక్కిస్తాం. లారీ ఆగిపోతుంది. గది ఉంటుంది. పేర్లు ఇవ్వకపోతే సున్నా సున్నాగానే కమిటీకి వెళ్తుంది.

చాలా తేలికైన పని. కార్డులివ్వడం మీకు అలవాటే కదా, మా అమ్మకి తప్ప.

ఇట్లు,
మీ మేనకోడలు

జూలై 4

చిటపటా,

పేర్లు ఇవ్వను.

కోపంతో అనుకునేవు, కాదు. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక మనిషి వచ్చాడు. మర్యాదగా నమస్కారం పెట్టి, మా ఆవిడ పుస్తకం గడువు దాటిందని ఇంటికి కార్డొచ్చింది, ఎన్నున్నాయో చూస్తానన్నాడు. నేను మహా తెలివైనదాన్ని కదా, రిజిస్టరు తిప్పి చూపించాను. నాలుగు పుస్తకాలున్నాయి ఆవిడ పేరు మీద. మర్నాడు నాలుగూ తెచ్చి బల్ల మీద పడేశాడు. తొట్టిలో నానబెట్టి తెచ్చాడు. ఆవిడ మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. తర్వాత బజార్లో కనిపిస్తే తల తిప్పుకుంది, చేతికి కట్టు ఉంది. ఆ రిజిస్టరు తిప్పింది నా చెయ్యే.

ఆ రోజు నుంచి ఇక్కడ రాయాల్సినవి రాస్తాను, రాయకూడనివి రాయను. నువ్వేమో మనిషి చెయ్యి పెట్టక్కర్లేకుండా ఇంటి ఫోనుకి పుస్తకం పేరు పంపే యంత్రం తెచ్చి మురిసిపోతున్నావు. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో నీ కోర్సులో చెప్పారా?

పేర్లిచ్చి గది కాపాడితే, గది ఉంటుంది, అందులోకి రావాల్సిన వాళ్లు రారు. అలాంటి గదిలో నీ యంత్రాలే పెట్టుకో.

జిగురు నీకు ఒక మాట చెప్పమంది. సంచిలో పోసిన చీటీలు పారేశారా, ఉన్నాయా అని అడుగుతోంది. పారేయకపోతే పంపు. అవి నీకు చిత్తు. మాకు కావాలి.

మీ మేనత్త

జూలై 8

అత్తయ్య గారికి,

సంచి నా బల్ల కిందే ఉంది. మీకు పంపే ముందు లెక్కపెట్టి రసీదు రాద్దామని కుమ్మరించాను. బస్సు టిక్కెట్లు, మందుల చీటీలు, సబ్బు కవర్లు. వెనక పేజీ నంబర్లు.

ఒకటి లెక్కల నోటుబుక్కు కాగితం. కత్తెరతో పొడుగ్గా కత్తిరించింది. నలభై ఏడుకి ముప్పై ఎనిమిది కలిపి డెబ్బై అయిదు అని వేసి ఉంది, దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ గుర్తు. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత ఉంది. ఆ గీత నేనే గీసేదాన్ని. నాలుగో తరగతిలో మా టీచరు దానికోసం నన్ను బెంచీ ఎక్కించింది. అది నా రాత.

వెనక 212 అని ఉంది. అది నా రాత కాదు. ఎవరి రాతో నాకు తెలుసు. ఇంట్లో పాల చీటీల మీద, నా టిఫిన్ డబ్బా మీద, పదిహేనేళ్లు చూసిన ఆ 2 అంకె.

నా నాలుగో తరగతి పుస్తకం కాగితం మీ లైబ్రరీలోకి ఎలా వచ్చింది? ఏ పుస్తకంలో ఉంది? చీటీలన్నీ కలిసిపోయాయి, నేనే కలిపేశాను. లారీ సోమవారం వస్తుంది. శుక్రవారం బండికి జవాబు రాయండి, ఏ పుస్తకమో చెప్పండి, చాలు. ఇంకేమీ వద్దు. దెప్పిపొడుపులు కూడా వద్దు, ఈ ఒక్కసారికి.

మీ మేనకోడలు

జూలై 11

చిటపటా,

నీ ఉత్తరం మంగళవారం సాయంత్రం చేతికొచ్చింది. లారీ సోమవారం కాదు, బుధవారం పొద్దున్నే వచ్చింది. ఇటువైపు వేరే పనుండి వచ్చాం, ఎక్కించుకుపోతాం అన్నారు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. జాబితా మీద నీ సంతకం చూపించారు. అప్పటికే సీళ్లు తెంచి పదకొండు కట్టలు విప్పాను, జిగురు ఒక పక్కా నేను ఒక పక్కా. అందులో లేదు. మిగతావి పట్టుకుపోయారు. ఆరువందల పద్దెనిమిదిలో నా చేతికి మిగిలింది నూట ఎనభై. సీళ్లు తెంచినందుకు నా మీద ఏం రాసుకుంటావో రాసుకో.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తొమ్మిది వేల పేర్లలో మీ అమ్మని వెతికావు. ఆవిడ ఏ పేరులోనూ లేదు. రెండో అల్మరా పక్క కిటికీ కింద కుర్చీలో ఉండేది. మధ్యాహ్నం రెండింటికొచ్చి నాలుగింటికి లేచేది. నువ్వు బళ్లో, మీ నాన్న కొట్లో. పధ్నాలుగేళ్లు.

ఫారం తెచ్చిన రోజు నువ్వు బల్ల అంచు పట్టుకుని నన్ను చూస్తున్నావు. నీ వెనక పేపర్ల స్టాండు దగ్గర ఎవరున్నారో నీ ఎత్తుకి కనిపించలేదు. మీ నాన్న కొట్టు భాగస్వామి. పేపరు తెరిచి మావైపే చెవి పెట్టాడు. ఆ ఫారం మీద భర్త సంతకం ఉండాలి. మీ అమ్మ తనే గీకేసి తెచ్చింది. నేను తీసుకుంటే సాయంత్రానికి మా అన్న చెవిలో పడేది. అందుకని చింపాను, వాడికి వినిపించాలనే గట్టిగా అరిచాను. తర్వాతి సోమవారం మీ అమ్మ ఖాళీ చేతుల్తో వచ్చింది. నేను కుర్చీ చూపించాను. అంతే. ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తుకోలేదు.

మా అన్న చెడ్డవాడు కాదు. చదివే ఆడదంటే భయం, అంతే. నీకు ఆయనంటే ప్రాణం. "పిల్లకి చెప్పకు, వాళ్ల నాన్నతో పోట్లాడుతుంది" అని మీ అమ్మ నాతో ఒట్టేయించుకుంది. మీ అమ్మ పోయింది, రెండేళ్ల కిందట మా అన్న కూడా పోయాడు, అయినా నోరు కట్టుకున్నాను. నీకు తిట్టుకోవడానికి ఒకరు ఉండాలి, నేనైతే ఓర్చుకోగలననుకున్నాను. ఇరవై ఏళ్లు ఓర్చుకున్నాను. గుమ్మంలోంచి పంపేసిన రోజు మాత్రం ఓర్చుకోలేకపోయాను, అది వేరే సంగతి.

పుస్తకం నీలం అట్ట డిటెక్టివ్ నవల. ఓడలో హత్య. హంతకుడు ఓడ డాక్టరని మీ అమ్మ, కాదు చచ్చినవాడి బావమరిదే అని నేను. నేను అంతకుముందు చదవలేదు, మీ అమ్మ చదివినంతమేరే వెనకాలే చదువుతూ వచ్చాను. చివరిసారి వచ్చిన రోజు నాలుగింటికి పుస్తకం తలకిందులుగా పెట్టి "రేపు తేలిపోతుంది మరదలా" అని వెళ్లింది. మర్నాడు ఆస్పత్రిలో చేర్చారు. ఇంకా ముప్పై ఒక్క పేజీలున్నాయి. ఆరేళ్లుగా ఆ పుస్తకం అలాగే ఉంది. ఆ పేజీలు నేనూ చదవలేదు. నాకు మనసొప్పలేదు.

నలభై ఏడూ ముప్పై ఎనిమిదీ కలిపితే ఎనభై అయిదే. పట్టుకున్న ఒకటి కలపడం నీకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

మీ మేనత్త

ఆగస్టు 12

అత్తా,

నెల రోజులు రాయలేదు. రాయడానికి నాకు సిగ్గేసింది. ఇప్పుడూ వేస్తోంది, అయినా బండికి టైమవుతోంది.

నీ ఉత్తరం అందిన రోజే రీడరు పట్టుకుని కాగితం మిల్లు గోడౌనుకి వెళ్లాను. తాటికాయంత అక్షరాలతో 'ప్రవేశం లేదు' అని బోర్డుంది. లోపల నా మెడ ఎత్తున కట్టలు. వాళ్లు ముందు అట్టలు పీకేస్తారట, అట్టలన్నీ ఒక గుట్ట, లోపలి పేజీలు ఇంకో గుట్ట. నీలం అట్ట కోసం వెతికితే ఈ జన్మలో దొరికేది కాదు. ట్యాగు చివరి పేజీకి ఉంది కాబట్టి, రీడరులో ఆ పుస్తకం నంబరు కొట్టి, కట్టల మధ్య చాపుకుంటూ నడిచాను. నాలుగు గంటలు. ఒక మూల అది కూత పెట్టింది. నువ్వు దయ్యం డబ్బా అన్నావే, అదే. చివరి పేజీకి అంటించమన్నది నువ్వు, అంటించింది నేను. ఇందులో నీకు ఎంత గొప్పో నాకూ అంతే, ముందే చెప్పేస్తున్నాను.

మొత్తం రెండొందల తొంభై ఒకటి వెనక్కి తెచ్చాను. మిగతావి అప్పటికే తొట్టిలో పడ్డాయి. నూనె చేతులాయన చదివేది అందులో పోయిందట, జిగురు చెప్పింది. నువ్వు చెప్పకు. నేనే వచ్చి ఆయనకి చెబుతాను.

కమిటీలో సున్నాని సున్నాగానే ఉంచాను. దాని కింద అది ఎలా వచ్చిందో రాశాను. గుమ్మం దాటినవాటినే లెక్కపెట్టానని, లోపల చదివే వాళ్ల గుర్తులు నేనే చెరిపేశానని, చీటీలు నేనే దులిపించానని. "సొంత రిపోర్టు తప్పని నువ్వే అంటున్నావా?" అన్నాడు పెద్దసారు. అవునన్నాను. ప్రాజెక్టులో మార్కులు కోశారు. పర్మనెంట్ ఇంకో ఏడాది వెనక్కి పోయింది. ఆ పైన "అంత ప్రేముంటే వెళ్లి అక్కడే కూర్చో" అని, అక్టోబరు నుంచి నన్ను నీ కుర్చీలో వేశాడు. ఆయన శిక్ష అనుకుంటున్నాడు. నీ కుర్చీ చూశాక నాకూ అలాగే అనిపిస్తోంది, ఒక కాలు పొట్టి.

గదికి ఒక ఏడాది గడువిచ్చారు. యంత్రం ఒకటే, అది వరండాలో. రోజూ మూసేటప్పుడు తలకిందుల పుస్తకాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఆ అంకె ఒక్కటే పంపాలి. పేర్లుండవు. రీడరుకి నిటారో తలకిందులో తెలియదు, ఎన్ని రకాలుగా పెట్టి చూసినా ఒకేలా కూస్తుంది. కాబట్టి మనిషే కళ్లతో చూసుకోవాలి. ఇంటికి వెళ్లే సందేశాల్లోంచి పుస్తకం పేరు తీసేయించాను. అది ఒక్క బటను పని. ఎవరూ ఇన్నాళ్లు అడగలేదట.

నాన్న మీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకింకా తెలియడం లేదు. నీ మీదైతే అలవాటైపోయింది. అమ్మ పధ్నాలుగేళ్లు రోజూ రెండు గంటలు ఎక్కడుందో నాకు తెలియదు, నీకు తెలుసు. చెప్పనందుకు నిన్ను క్షమించలేదు. గుమ్మంలో ఆపినందుకు నువ్వు నన్ను క్షమించక్కర్లేదు.

మొన్న ఆదివారం నువ్వు లేనప్పుడు వచ్చాను. జిగురు తాళం తీసింది. పుస్తకానికి కొత్త అట్ట వేసింది, నీలం దొరక్క గోధుమరంగు. ఆ కిటికీ కింద కుర్చీలో కూర్చుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, 212 దగ్గర కాసేపు ఆగి, మిగతా ముప్పై ఒక్కటీ చదివేశాను.

హంతకుడెవరో నాకు తెలిసిపోయింది. మీ ఇద్దరిలో ఒకరు గెలిచారు. ఎవరో చెప్పను. నువ్వు నాకు ఇరవై ఏళ్లు చెప్పలేదు, నీకూ కాస్త ఆ రుచి తెలియాలి.

చీటీ మళ్లీ 212లోనే పెట్టాను. పుస్తకం రెండో అల్మరాలో, మూడో అరలో, తలకిందులుగా ఉంది. అక్టోబరు ఒకటి నుంచి నీకు వేరే పనేం ఉండదు కదా. రెండింటికి వచ్చి చదువుకో. కార్డు అడగను.

చిటపట